పథ్యంలో ఇరవై ఒకటో రోజు

స్టెల్లాకు ఎదుటివాళ్ల రోగాలు వినడమే ఉద్యోగం. మాదాపూర్‌లో కొత్తగా లేచిన పెద్ద భవనానికి కాస్త దూరంలో, ఒక మేడ రెండో అంతస్తులో పాతికమంది చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటారు. అమెరికాలో డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి పంపిన మాటలు విని టైపు చేస్తారు. కాలి కింద పెడల్ వదిలితే గొంతు ఆగుతుంది, వెనక్కి నొక్కితే చెప్పిందే మళ్లీ చెబుతుంది. రెండేళ్లలో స్టెల్లా అలా కొన్ని వేలమంది జబ్బులు టైపు చేసింది. తన జబ్బు పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు.

అది మొదలై పద్నాలుగు నెలలైంది. తిన్నది కడుపులో నిలవదు. పొట్ట ఉబ్బిపోయి, పేగులు మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి, రోజుకు ఏడెనిమిదిసార్లు పరుగెత్తాలి. యాభై మూడు కిలోల మనిషి ముప్ఫై ఎనిమిదికి దిగింది. దువ్వెన పెడితే జుట్టు చేతికి వచ్చేది. టైఫాయిడ్ అని రెండుసార్లు, అమీబా అని నాలుగుసార్లు మందులిచ్చారు. పేగుల్లో టీబీ కావచ్చని ఆరు నెలలు మాత్రలు మింగించారు. ఈ మధ్యలోనే ఒక కడుపు వచ్చి, మూడో నెల నిండకుండానే పోయింది.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా చివర్లో ఒకటే మాట. బ్రెడ్డు, బిస్కెట్లు తిను, తేలిగ్గా అరుగుతాయి. ఆమె అవే తినేది. తిన్నకొద్దీ చిక్కిపోయేది.

ఇల్లు మూసాపేటలో. అక్కడి నుంచి ఆఫీసుకు వెళ్లే దారిలో సగం గుట్టలు, బండరాళ్లు, తుప్పలు. బస్సులో నొప్పి వస్తే దిగినా వెళ్లే చోటు ఉండదు. అందుకని ఉదయం ఏమీ తినకుండా బయల్దేరేది. ఒకరోజు అలా వెళ్లినా ఆగలేదు. చీర తడిసింది. ముందు సీట్లో ఆవిడ ముక్కు మూసుకుని వెనక్కి చూసింది. స్టెల్లా తరవాతి స్టాపులో దిగి, బ్యాగు వెనక అడ్డం పెట్టుకుని, నాలుగు కిలోమీటర్లు ఎండలో వెనక్కి నడిచింది. ఇంటి గేటు దగ్గర యాదమ్మ కనిపించింది. ఇల్లు కిరాయికి ఇచ్చిన మనిషి.

“ఏందమ్మా, గిట్ల ఎండిపోతున్నవ్? ఫికర్ చెయ్యకు, పోయి తానం చెయ్యి, నేను నీళ్లు కాగబెడత,” అంది. ఇంకేమీ అడగలేదు. ఆ రోజు స్నానాల గదిలో కూర్చుని స్టెల్లా చచ్చిపోవాలని అనుకుంది. భయంగా కాదు, అలసిపోయినవాళ్లు నిద్ర కావాలనుకున్నట్టు అనుకుంది.

భర్త బెన్నీ బాచుపల్లిలో ఒక బడిలో లెక్కల మాస్టారు. మంచివాడే, కానీ ఏం చెయ్యాలో తెలియక మాట్లాడటం తగ్గించేశాడు. అత్త దీనమ్మ తెనాలి దగ్గర నుంచి వచ్చి ఏడాదిగా వీళ్లతోనే ఉంటోంది. కోడలికి సేవ చేసేది, గుడ్డలు ఉతికేది, మోకాళ్ల మీద గంటలకొద్దీ ప్రార్థన చేసేది. అన్ని మందులూ వాడినా తగ్గకపోయేసరికి ఆమెకు ఒక అనుమానం పుట్టింది. స్టెల్లా మనసులో దాచుకున్నది ఏదో ఉందని. అప్పుడప్పుడూ అనేది కూడా, “దేవుడి దగ్గర దాపరికం ఎందుకమ్మాయ్, ఒప్పేసుకో,” అని.

స్టెల్లాకు దాచుకున్నది నిజంగానే ఉంది. గర్భం పోయినప్పటి నుంచీ ఆమె ప్రార్థన చెయ్యలేదు. కళ్లు మూసుకుని కూర్చునేది, అంతే. లోపల పట్టలేనంత కోపం.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం హెడ్‌ఫోన్లో ఒక ముసలి డాక్టరు గొంతు వచ్చింది. ఎవరో స్త్రీ, నలభై ఏళ్లు, చాలాకాలంగా విరేచనాలు, బరువు తగ్గడం. ఆ రోగి చేత ఎలిమినేషన్ డైట్ మొదలుపెట్టిస్తున్నానని అన్నాడు. మూడు వారాలు అన్నం, రెండు మూడు కూరగాయలు, ఒక మాంసం తప్ప అన్నీ మానాలి. కడుపు కుదుటపడితే మూడు రోజులకు ఒకటి చొప్పున మానినవి మళ్లీ తినాలి. దేనికి తిరగబడితే అదే దొంగ. స్టెల్లా పెడల్ వెనక్కి నొక్కి మళ్లీ విన్నది. ఆరుసార్లు విన్నది. పక్క అమ్మాయి ఏడుస్తున్నావేంటని అడిగేదాకా తాను ఏడుస్తున్నట్టు తెలియలేదు.

కూకట్‌పల్లిలో డాక్టర్ వెంకటనారాయణ దగ్గరికి వెళ్లి చెప్పింది. టీబీ మాత్రలు రాసింది ఆయనే. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు.

“నాకు అంతుపట్టలేదమ్మా. ఆ మాట ముందే చెప్పాల్సింది. సరే, చేసి చూద్దాం,” అన్నాడు. అన్నం, ఉప్పు, సొరకాయ, బీరకాయ, ఉడికించిన కోడిమాంసం. పాలు, గుడ్లు, పప్పులు, గోధుమ, పల్లీలు, మసాలా ఏదీ వద్దు. నోట్లోకి ఏం వెళ్లినా పుస్తకంలో రాయాలి.

మొదటి వారం నరకం. టీ లేక తల పగిలిపోయేది. ఆఫీసులో అందరూ డబ్బాలు తెరిస్తే పోపు వాసనకు కళ్లు తిరిగేవి. ఉప్పు వేసిన సొరకాయ నోట్లో పెట్టుకుంటే తడిగుడ్డ నమిలినట్టుండేది. ఎనిమిదో రోజు రెండుసార్లే వెళ్లింది. పన్నెండో రోజు ఒకసారి. పదిహేనో రోజు ఉదయం అన్నం తిని బస్సెక్కి, మాదాపూర్ దాకా దిగకుండా వెళ్లింది. ఆ సాయంత్రం బెన్నీ పుస్తకం చూసి, ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇరవై ఒకటో రోజు, నెలలో మొదటి ఆదివారం. చర్చిలో ప్రభు భోజనం, యేసు చివరి విందును తలుచుకునే ఆరాధన. అందరితోపాటు మోకరించింది. పాస్టరు అయ్యగారు అరచేతిలో పెట్టిన ముక్క నోట్లో వేసుకుంది. గర్భం పోయాక మొదటిసారి మనసులో ఒక మాట అనుకోగలిగింది, థాంక్స్ అని. ఆ మాట పూర్తిగా మనస్ఫూర్తిగా వచ్చిందో లేదో ఆమెకే తెలియదు.

సాయంత్రానికి పొట్ట ఉబ్బింది. తెల్లవారేసరికి అయిదుసార్లు వెళ్లింది. సోమవారం, మంగళవారం లేవలేదు. పుస్తకంలో ఆదివారం కింద అన్నం, బీరకాయ, కోడి అని మాత్రమే ఉంది. తప్పు దొర్లిన చోటు లేదు. అన్నం కూడా పడకపోతే ఇక తినడానికి లోకంలో ఏముంది?

మంచం పక్కన కూర్చుని దీనమ్మ మెల్లగా అంది, “ప్రభు బల్ల దగ్గరికి మనసు శుద్ధి చేసుకోకుండా వెళ్లకూడదమ్మాయ్. జబ్బు చేస్తుందని అయ్యగారు ప్రతిసారీ హెచ్చరిస్తారు కదా.”

స్టెల్లా గోడవైపు తిరిగింది. అత్తమాట నిజమని నమ్మింది. కోపం కడుపులో పెట్టుకుని చెయ్యి చాచింది, దేవుడు జవాబిచ్చాడు. ఇక మందూ లేదు, పథ్యమూ లేదు. పుస్తకం మంచం కిందికి తోసేసింది. మూడు రోజులు నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. బెన్నీ బతిమాలాడు, అరిచాడు, చివరికి ఏడ్చాడు. శుక్రవారం ఆటో పిలిచి, ఎత్తుకుని కూర్చోబెట్టి, అమ్మను తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. పుస్తకం కూడా దులిపి పట్టుకెళ్లాడు.

వెంకటనారాయణ ముందు సెలైన్ పెట్టించాడు. తరవాత పుస్తకం తిరగేశాడు. ఆదివారం దగ్గర వేలు పెట్టి, ఇంకేమైనా నోట్లోకి వెళ్లిందా, మాత్ర, దగ్గు మందు, ఏదైనా అని అడిగాడు. స్టెల్లా లేదంది. దీనమ్మ ఉండబట్టలేకపోయింది.

“ఏమీ తినలేదండి. ప్రభు బల్లలో పాలుపంచుకుందండి, అప్పటి నుంచే.”

“అంటే ఏం ఇస్తారమ్మా అక్కడ?”

“ద్రాక్షరసం, రొట్టె అండి. ఇంతే ముక్క.” గోరు చూపించింది.

“ఆ రొట్టె దేంతో చేస్తారు?”

దీనమ్మ తన అరచేతుల వైపు చూసుకుంది. ఆ చర్చికి ఏడాదిగా రొట్టె చేసి ఇస్తున్నది ఆమే. శనివారం తలస్నానం చేసి, పాట పాడుకుంటూ, తన చేత్తో కలిపి కాల్చేది.

“మైదాతోనండి,” అంది. “నేనే చేస్తానండి.”

డాక్టరు పుస్తకంలో వెనక్కి వెళ్లి, పథ్యానికి ముందు ఆమె తిన్నవేమిటో అడిగాడు. బ్రెడ్డు, బిస్కెట్లు, ఉప్మా, రాత్రిళ్లు చపాతీ. అన్నీ గోధుమతో చేసేవే, సగం ఆయన తినమన్నవే. అది ఆయనకూ తెలుసు. తల దించుకున్నాడు.

నమ్మకంగా తెలియాలంటే ఇంకోసారి పరీక్షించాలన్నాడు. మూడు వారాలు మళ్లీ అదే పథ్యం. కడుపు నెమ్మదించాక ఒక ఉదయం స్టెల్లా వంటింట్లో కూర్చుని ఒకే ఒక్క చపాతీ తిన్నది. జరగబోయేది తెలిసి తినడం బస్సులో జరిగిన ఆ రోజు కన్నా కష్టంగా తోచింది. బెన్నీ ఆ రోజు సెలవు పెట్టాడు. సాయంత్రానికే తిరగబడింది. నొప్పితో మెలికలు తిరుగుతూనే స్టెల్లా నవ్వింది. అది చూసి బెన్నీ భయపడ్డాడు.

పాలు, గుడ్లు, పప్పు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి, ఏదీ గొడవ చెయ్యలేదు. డాక్టరు ఒక పెద్దాసుపత్రికి రాసి పంపితే వాళ్లు జబ్బుకు పేరు చెప్పారు, గోధుమలోని జిగురు పేగులకు పడని జబ్బు. గోధుమ జన్మలో ముట్టకూడదు, ఆ పిండి అంటిన పెనం కూడా వాడకూడదు. చర్చి రొట్టె బియ్యప్పిండితో చేయవచ్చా అని దీనమ్మ అయ్యగారిని అడిగింది. పైవాళ్లను కనుక్కుని చెబుతానన్నాడాయన. వేసవి దాటినా చెప్పలేదు.

ఆ చపాతీ పరీక్ష అయిన కొన్ని వారాలకు ఒక ఆదివారం దీనమ్మ వంటింట్లో పిండి డబ్బాలన్నీ బయటపెట్టి, సబ్బుతో తోముతోంది. స్టెల్లా వచ్చి గడప మీద కూర్చుంది. అప్పటికి నలభై రెండు కిలోలు.

“అత్తయ్యా, మీరన్నదాంట్లో నిజం ఉంది,” అంది. “బిడ్డ పోయినప్పటి నుంచి నాకు దేవుడి మీద కోపం. ఇంకా పోలేదు.”

దీనమ్మ తోమడం ఆపలేదు. నురగ మోచేతుల దాకా కారుతోంది.

“మీ మామయ్య పోయినప్పుడు నాకు పదకొండేళ్లు ఉందమ్మాయ్ కోపం,” అంది చివరికి. “ఆ పదకొండేళ్లూ రొట్టె తింటూనే ఉన్నాను. నాకేం కాలేదు. నిన్ను అన్ని మాటలన్నప్పుడు అది గుర్తు రాలేదు చూడు.”

డబ్బా బోర్లించి, తడి చేత్తోనే కోడలి తల తన వైపు లాక్కుంది.