ఇరుక్కోని కాగితం

సాయంత్రం నాలుగున్నరకి ఖరగ్‌పూర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫీసు కౌంటరు మూసేస్తారు. ఆలోగా స్వర్ణకుమారి తన థీసిస్ నాలుగు ప్రతులు అక్కడ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆమె పేరు కొట్టేస్తారు. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి లేదని ఉత్తరం కూడా వచ్చింది. అది తొంభై ఎనిమిది సెప్టెంబరు పద్దెనిమిది, శుక్రవారం. పొద్దున్న ఎనిమిదిన్నరకి మా మేడగదిలో ఆమె ప్రింటరు, లోపల కాగితం ఇరుక్కుందని చెప్పి ఆగిపోయింది.

లోపల కాగితం లేదు.

స్వర్ణకుమారి రైల్వేవాళ్ళ ట్రాఫిక్ కాలనీ పిల్ల. తండ్రి తవిటయ్య వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి కాలం చేశాడు. ఆమె రైల్వే హైస్కూల్లో రసాయనశాస్త్రం చెబుతూ, బడి వదిలాక సైకిలెక్కి ఇన్‌స్టిట్యూట్ లాబుకి వెళ్ళి ఏడేళ్ళుగా పరిశోధన చేస్తోంది. క్వార్టర్లో ఇద్దరు అన్నల సంసారాల మధ్య ఒక బల్ల వేసుకునే చోటు లేదు. నా భార్య లలిత పోయిన ఏడు నెలలకి, తాల్‌బగీచాలో మా మేడగది ఖాళీగా ఉందని విని అద్దెకు వచ్చింది. ఆ రోజు నుంచి రాత్రిళ్ళు పైన అడుగుల చప్పుడు వినిపిస్తుంది. ఇంట్లో ఇంకొకరు నడుస్తున్న చప్పుడు ఎంత మంచిదో, అది లేకుండా ఏడు నెలలు గడిపాక నాకు తెలిసింది.

నేను విజయనగరంలో బి.ఎస్సీ. చదివి, ఖరగ్‌పూర్ వచ్చి, సిగ్నల్ డిపార్టుమెంటులో ముప్పై నాలుగేళ్ళు చేసి ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. కంప్యూటర్ల గురించి నాకేమీ తెలియదు. ఆమె మెట్ల మీంచి "బాబాయ్" అని పిలిచిన తీరు విని పైకి వెళ్ళాను, అంతే.

అది చదువు ముగించి హైదరాబాదు వెళ్ళిపోతున్న ఒక కుర్రాడి దగ్గర ఆమె కొన్న పాత లేజర్ ప్రింటరు. బుధవారం రాత్రి నాలుగు అధ్యాయాలు చక్కగా తీసింది. గురువారం సాయంత్రం గైడు ఐదో అధ్యాయంలో దిద్దుబాట్లు చెప్పారు. వాటిని దిద్ది ఇప్పుడు నలభై ఆరు పేజీలు తీస్తే చాలు. గైడు సంతకం, జిరాక్సు, బైండింగు, తర్వాత కౌంటరు. ప్రేమ్ బజార్‌లో బైండింగు చేసే దాదా, కాగితాలు ఒంటిగంట లోపల తెస్తేనే మూడున్నరకి ఇవ్వగలనని ముందే చెప్పాడట.

ఆ నలభై ఆరు పేజీలు బయట తీయించడానికీ వీల్లేదు. మిషను ఆగగానే ఫ్లాపీ పట్టుకుని ప్రేమ్ బజార్‌లో రెండు దుకాణాలకి వెళ్ళి వచ్చింది. ఆమె వాడిన సాఫ్ట్‌వేరు వాళ్ళ దగ్గర లేదు. అణువుల బొమ్మలు ఉండాల్సిన చోట ఖాళీ గళ్ళు వచ్చాయి. లాబులో ప్రింటరుకి సిరా పొడి అయిపోయి వారమైంది. కలకత్తాలో మెకానిక్కుకి ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేస్తే, లోపల రోలర్లు అరిగి ఉంటాయి, సోమవారం మిషను పట్టుకురండి, మార్చి ఇస్తానన్నాడు.

"సోమవారం నాకు ఏటి పని బాబాయ్, రోలర్లతో?" అంది స్వర్ణకుమారి. ఏడవలేదు. చేతులు మాత్రం కొంగుకి తుడుచుకుంటోంది, తడి లేకపోయినా.

వాళ్ళ అమ్మ దాలమ్మ గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని ఉంది. కూతురు పుస్తకం ఇచ్చేటప్పుడు చూడాలని తొమ్మిదింటికే జరీ అంచు చీర కట్టుకుని, టిఫిన్ క్యారేజీతో రిక్షాలో వచ్చింది. ఆవిడకి చదువు రాదు. కూతురు మూత తెరవడం, లోపల చూడటం, మూయడం, నారింజ రంగు దీపం మళ్ళీ మిణుకు మిణుకుమనడం, ఇదంతా నాలుగుసార్లు చూసింది.

"కాయితం నేకుండానే ఇరుక్కున్నాదని సెప్తాదేటి బాబూ ఇది?" అని నన్నడిగింది. "మా పెద్దకోడల్లాగ ఉంది. కడుపు నొప్పి నేకుండానే నొప్పంతాది."

స్వర్ణకుమారి ఊరుకోమంది. నేను మాత్రం ఊరుకోలేకపోయాను. దాలమ్మ అన్న మాట నాకు బాగా తెలిసిన మాట. బండి లేకుండానే బండి ఉందని చెప్పే లైను నేను ఉద్యోగంలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

పట్టాల్లో చిన్న కరెంటు ప్రవహిస్తూ ఉంటుంది. బండి చక్రాలు ఆ పట్టాల మీదికి వస్తే అది అవతలికి చేరక సిగ్నలు ఎర్రబడుతుంది. కాని వానకి నీళ్ళు నిలిచినా, ఒక తీగ తుప్పు పట్టినా అలాగే ఎర్రబడుతుంది. స్టేషనులో కూర్చున్నవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకని మాకొక పద్ధతి ఉండేది. ముందు లైను మీద నడిచి వెళ్ళి, బండి లేదని కళ్ళతో చూడాలి. బండి లేకపోతే పట్టాలు పీకి కూర్చోకూడదు. బండి ఉందని ఎవరు చెబుతున్నారో వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి.

ఇదంతా స్వర్ణకుమారికి చెప్పి, మిషను స్విచ్చి తీయించాను. తీగ కూడా ప్లగ్గులోంచి పీకించాను. టార్చి, లలిత చేతి అద్దం తెచ్చాను. నల్ల పొడి ఉండే డబ్బా ఆమె బయటికి తీసి గుడ్డ కప్పింది. కాగితం లోపలికి వెళ్ళే చోటు నుంచి బయటికి వచ్చే చోటు దాకా అద్దంలో చూసుకుంటూ నడిచాం. ఎక్కడా చిరుగు ముక్క కూడా లేదు.

"లైను ఖాళీ," అన్నాను. "ఇప్పుడు చెప్పు. కాగితం వచ్చిందని దీనికి ఎలా తెలుస్తుంది?"

ఆమె ఆలోచించింది. లోపల చిన్న నల్ల నాలుకలు ఉంటాయి, కాగితం తగిలితే లేస్తాయి, వెళ్ళిపోతే పడతాయి, మిషను కొన్న రోజు ఆ కుర్రాడు చూపించాడంది. ఒకటి కాగితం లోపలికి వచ్చే చోట, ఒకటి బయటికి పోయే చోట.

అప్పుడు నేను ఉద్యోగంలో ఎప్పుడూ అడిగే ప్రశ్న అడిగాను. ఏ సిగ్నలు పాడైనా ముందు అడిగేది ఇదే. ఆఖరున సరిగ్గా ఎప్పుడు పనిచేసింది, ఆ తర్వాత దీన్ని ఎవరు ముట్టుకున్నారు?

బుధవారం రాత్రి బాగానే ఉందనీ, అప్పటి నుంచి ఈ పొద్దుట దాకా తను మూత కూడా తీయలేదనీ ఆమె చెప్పింది. దాలమ్మ వైపు చూశాను.

"నానెందుకు ముట్టుకుంతాను బాబూ? కరెంటు మిషను. నాకు బయం."

"ఎవరో ఒకరు ముట్టుకున్నారు," అన్నాను, ఇన్‌స్పెక్టరు గొంతుతో. ఆ గొంతు నాకు ఇంకా ఉందని అప్పుడే తెలిసింది. "ఎవరూ ముట్టుకోకుండా బాగున్నది పాడవదు."

స్వర్ణకుమారి వేలు పెట్టి మొదటి నాలుకను నొక్కి వదిలింది. టిక్కుమని పడింది. రెండోది వెనక వైపు, వేడి రోలరు పక్కన, చెయ్యి పట్టని చోట ఉంది. నేను అద్దం వంచి పట్టుకున్నాను. ఆమె టార్చి వేసి చూసింది. ఆ నాలుక పైకి లేచే ఉంది. దాని మొదట్లో, ఇరుసు దగ్గర, పసుపుపచ్చగా ఏదో ఉంది.

ఆమె చాలాసేపు చూసి, టార్చి నాకిచ్చి, నన్ను చూడమంది.

బియ్యపు గింజ. పసుపు రాసిన బియ్యపు గింజ.

గురువారం విశ్వకర్మ పూజ. ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు పనివాడెవడూ ఆ రోజు మిషను నడపడు. దానికి స్నానం చేయించి, బొట్టు పెట్టి, దండ వేస్తాడు. రిటైరయినా నాకా అలవాటు పోలేదు. మా ఇంట్లో లలిత కుట్టు మిషనుకీ, నా సైకిలుకీ, మిక్సీకీ ఏటా చేస్తాను. ఈ ఏడు స్వర్ణకుమారి బడికి వెళ్ళాక, పాపం రేపు ఆమెకి పని ఉన్నది ఈ మిషనుతోనే కదా అని మేడ ఎక్కి, ప్రింటరుకి గంధం బొట్టు పెట్టి, చేటెడు కాదు కాని, గుప్పెడు అక్షింతలు దాని నెత్తిన వేశాను. మన అక్షింతల్లో పసుపుతో పాటు నెయ్యి కలుపుతాం కదా, ఎక్కడ పడితే అక్కడ అంటుకుంటాయి. కాగితాలు బయటికి వచ్చే సందు సరిగ్గా నెత్తి మీదే ఉంది.

"నేనే," అన్నాను. "నిన్న పొద్దుట పూజ చేశాను. నేనే వేశానమ్మా."

ఏడేళ్ళ చదువు నా చేతి గుప్పెటలోంచి జారిపోయినట్టనిపించి నేను తల ఎత్తలేకపోయాను.

ముందు దాలమ్మ నవ్వింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వింది. "ఇనస్పెట్రు బాబు దొంగని పట్టుకున్నారే, స్వర్ణా," అంది. స్వర్ణకుమారి కూడా నవ్వేసింది. అంత నవ్వులోనూ గోడ గడియారం వైపు చూసింది. పదకొండూ ఇరవై.

గింజ తీయడం అనుకున్నంత తేలిక కాదు. పట్టకారు ఆ సందులో పట్టలేదు. గట్టిగా నెడితే గింజ రోలరు కిందికి పోతుంది, అప్పుడిక మిషనంతా విప్పాల్సిందే. కుట్టు మిషను సొరుగులో లలిత లేసు అల్లే సూది ఉంది, చివర చిన్న కొక్కెంతో. అది తెచ్చాను. నేను తీయబోతే ఆమె చెయ్యి చాపింది.

"ఇటివ్వు బాబాయ్. నువ్వు అద్దం పట్టుకో." ఏడేళ్ళు గాజు గొట్టాల్లో చుక్కలు లెక్కపెట్టిన చెయ్యి అది. ఊపిరి బిగబట్టి సూదిని గింజ వెనక్కి పంపి, మెల్లిగా తన వైపు లాగింది. ఒకసారి జారింది. రెండోసారి గింజ కొక్కేనికి అంటుకుని బయటికి వచ్చింది. గింజని అక్కడ అంటించిన నెయ్యే ఈసారి మేలు చేసింది. నల్ల నాలుక టిక్కుమని కిందికి పడింది. అంత చిన్న చప్పుడు ముగ్గురం విన్నాం.

ఆమె వెంటనే స్విచ్చి వేయబోయింది. నేను ఆపాను. ఒక గింజ పడినచోట ఇంకొకటి పడదని ఏమిటి? అద్దం పెట్టి మళ్ళీ వెతికితే ఇంకా రెండు దొరికాయి, ఒకటి రోలరుకి వేలెడు దూరంలో. ఆ రెండూ తీశాక, నాలుకను మూడుసార్లు లేపి, మూడుసార్లు పడేదాకా చూశాను. ఆమె పళ్ళు కొరుకుతూ నిలబడింది కాని అడ్డు చెప్పలేదు. డబ్బా పెట్టి, మూత వేసి, ముందు ఖాళీ కాగితం ఒకటి పంపించాం.

నారింజ దీపం వెలగలేదు. పచ్చదీపం వెలిగింది. కాగితం లోపలికి వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, వెచ్చగా, తెల్లగా బయటికి వచ్చింది. దాలమ్మ దాన్ని తీసి చెంపకు ఆనించుకుంది.

తర్వాత ఐదో అధ్యాయం. ఒక్కో పేజీ వస్తుంటే స్వర్ణకుమారి అంకె చూసి దాలమ్మ చేతికి ఇచ్చేది, దాలమ్మ ఒళ్ళో అంచులు సర్ది పెట్టేది. షడ్భుజాల అణువులన్నీ ఎక్కడివక్కడ కుదురుగా ఉన్నాయి. ముప్పై ఒకటో పేజీ దగ్గర మిషను ఆగింది. దీపం మిణుకుమంది. నేను మళ్ళీ అద్దం అందుకున్నాను.

స్వర్ణకుమారి వంగి చూసి, "ట్రే ఖాళీ అయిపోయింది బాబాయ్, కాయితాలు పెట్టాలి," అంది. ఈసారి మిషను నిజమే చెప్పింది.

పన్నెండూ పదికి నలభై ఆరు పేజీలూ చేతికొచ్చాయి. ఆమె వాటిని గుడ్డలో చుట్టి సైకిలెక్కింది. గైడు ఆ రోజు భోజనానికి ఇంటికి వెళ్ళకుండా గదిలోనే కూర్చుని ఉన్నారట, సంతకానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. నేనూ దాలమ్మా రిక్షాలో ప్రేమ్ బజార్ చేరేసరికి జిరాక్సులు అవుతున్నాయి. బైండింగు దాదా మిషను మెడలో నిన్నటి బంతిపూల దండ ఇంకా ఉంది. అది చూసి నేను చూపు తిప్పుకున్నాను. అతను కాగితాల బొత్తి ఎత్తి చూసి, వాటంగా దులిపి, "హోయే జాబే, దీదీ," అన్నాడు, అయిపోతుందని బెంగాలీలో. అయిపోయింది కూడా, మూడూ పదికే. నల్ల అట్టలు, వీపు మీద బంగారు రంగులో ఆమె పేరు.

కౌంటరు దగ్గర గుమాస్తా ప్రతులు లెక్కపెట్టి, సంతకాలు చూసి, రిజిస్టరులో రాసుకున్నాడు. ఏదైనా తక్కువైందంటాడేమోనని స్వర్ణకుమారి అతని వేలు వెంబడే చూస్తోంది. అతను ఏమీ అనలేదు. రబ్బరు స్టాంపు వేసి, రసీదు చింపి ఇచ్చాడు. మూడూ నలభై అయింది.

స్వర్ణకుమారి రసీదు నాకు చూపించలేదు. తిన్నగా వాళ్ళమ్మ చేతిలో పెట్టింది. మెట్ల మీదికి వచ్చాక దాలమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి నాకు ఇచ్చింది, ఏటి రాసుందో సదవమని.

చదివాను. గుంట స్వర్ణకుమారి, తండ్రి తవిటయ్య, రసాయనశాస్త్ర విభాగం, పరిశోధన గ్రంథం నాలుగు ప్రతులు, గడువు లోపల అందినవి.

"తండ్రి పేరు ఉందా?"

"ఉందమ్మా."

దాలమ్మ కొంగు సరిచేసుకుని మెట్టు మీద నిటారుగా నిలబడింది. విద్యార్థులు సైకిళ్ళు నడిపించుకుంటూ ముందునుంచి వెళ్తున్నారు.

"ఇంకోపాలి సదువు బాబూ," అంది. "కాస్త గట్టిగా."

నేను గొంతు సవరించుకుని, గట్టిగా చదివాను.