లాటిన్‌లో ఒప్పు, డచ్చిలో తప్పు

ఆమ్‌స్టర్‌డాంలో పుస్తకాలు అచ్చువేసి బతికేవాళ్లకు రెండు సంగతులు తెలిస్తే చాలు. రాజ్యం గురించో దేవుడి గురించో గుచ్చుకునే మాట ఉంటే, మొదటి పేజీలో అచ్చయిన ఊరి పేరు ఎక్కడో పరదేశంలో ఉన్న హాంబుర్గ్ అని వెయ్యాలి. ఆ మాట లాటిన్‌లోనే ఉండాలి. అప్పుడు ఊరిని ఏలే దొరలు పుస్తకాన్ని చూడనట్టే ఉండి, చాటుగా కొనుక్కుని, విందుల్లో దాని మీద వాదించుకుంటారు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

ఈ రెండూ హిల్లెఖొండకు భర్త నేర్పాడు. ఆయన పోయాక కాలవ గట్టు మీది అచ్చుకూటాన్ని ఆమే నడిపింది. లాటిన్ రాకపోయినా అక్షరాలు ఏరి వరసలు కూర్చేది. తమ్ముడు లీవెన్ పైకి చదువుతూ తప్పులు దిద్దేవాడు. అతను సొంతంగా రాసిన పుస్తకం కూర్చేటప్పుడు ఒక వాక్యం వినీ వినీ ఆమెకు నోటికి వచ్చేసింది. అర్థమేమిటని అడిగితే చెప్పాడు.

"ప్రభువుకి మన చేతుల మీద అధికారం ఉందక్కా. నాలుక మీద లేదు."

పుస్తకం పేరు తెచ్చుకుంది. నగర న్యాయమూర్తుల్లో పెద్దవాడైన వాల్‌రావెన్ దొర అక్కాతమ్ముళ్లిద్దరినీ భోజనానికి పిలిచి, ఆల్చిప్పల మాంసం పెట్టి, ఆ వాక్యాన్ని నగరసభ గుమ్మం మీద చెక్కించాలన్నాడు. హిల్లెఖొండ నమ్మింది. పెద్దవాళ్లు కడుపు నిండాక చెప్పే మాటలకు విలువ ఎంతో ఆమెకు అప్పటికి తెలియదు.

ఆ మర్నాటి నుంచే లీవెన్ పుస్తకాన్ని ఊళ్లో అందరూ మాట్లాడే డచ్చిలోకి మార్చడం మొదలుపెట్టాడు. లాటిన్‌లోనే ఉండనివ్వరా అని ఆమె బతిమాలింది.

"లాటిన్ చదివేవాడి నోరు ఎవడు మూశాడక్కా? చేపలమ్ముకునే ఆవిడకి తెలియాలి ఈ సంగతి."

"తెలిసి ఏం చేస్తుందిరా? హెర్రింగ్ చేప తల నరుకుతూ రాజ్యం సంగతులు మాట్లాడుతుందా?"

"ఇప్పుడు మాట్లాడ్డం లేదా ఏంటి? నువ్వు సంతలో చెవులు మూసుకుని నడుస్తావు."

పోనీ హాంబుర్గ్ అని వేద్దామంది. దానికీ ఒప్పుకోలేదు. మాట్లాడే హక్కుందని రాసి పేరు దాచుకుంటే తన పుస్తకమే తనను చూసి నవ్వుతుందన్నాడు. తన పేరు, ఆమ్‌స్టర్‌డాం పేరు పెద్ద అక్షరాలతో వేయించాడు.

సగం అచ్చయ్యేసరికి సంగతి చర్చి గురువుల చెవిన పడింది. ఆదివారం ప్రసంగంలో పేరు చెప్పకుండానే తిట్టారు. హిల్లెఖొండకు తిండి సహించలేదు. ఆలోచించి ఆలోచించి ఒక దారి కనిపెట్టింది. వాల్‌రావెన్ దొరకు ఆ వాక్యమంటే ప్రాణం. ఆయన చెయ్యి అడ్డుపెడితే గురువులు ఏం చెయ్యగలరు? తమ్ముడికి చెప్పకుండా, సిరా ఆరని కాగితాలు చేతిసంచిలో పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లింది. చేజేతులా తమ్ముణ్ణి అప్పగించి వచ్చానని తర్వాత ఎన్నిసార్లు ఏడ్చినా ఏం లాభం?

దొర నింపాదిగా చదివాడు. భార్యను పిలిచి హిల్లెఖొండకు వేడి గోధుమ అట్లు పెట్టించాడు. మంచి పని చేశావమ్మా, ఇవి నా దగ్గర ఉంచు అన్నాడు. తెల్లారేసరికి భటులు వచ్చి లీవెన్‌ను పట్టుకుపోయారు.

విచారణలో లీవెన్ ఒక్కటే అడిగాడు, ఇది మీరు మెచ్చుకున్న పుస్తకం కాదా అని. వాల్‌రావెన్ దాచలేదు.

"అది ఆలోచించేవాళ్ల కోసం రాశావు. ఇది జనం కోసం రాశావు."

పదేళ్లు చెక్కపొడి జైలు వేశారు. కాగితాలు స్వయంగా తెచ్చి అప్పగించినందుకు అచ్చుకూటం యజమానురాలిని క్షమించామని కూడా చదివారు. లీవెన్ తల తిప్పి అక్క వైపు చూశాడు. అప్పటిదాకా ఆ సంగతి అతనికి తెలియదు.

ఆమె వాల్‌రావెన్ కాళ్లావేళ్లా పడింది. గొడవ చెయ్యకుండా ఉంటే వసంతంలో విడుదల మాట ఎత్తుతానని ఆయన మాటిచ్చాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదమ్మా" అని కూడా అన్నాడు. అలాగే లాటిన్ పుస్తకం రెండో ముద్రణ వెయ్యమన్నాడు, స్నేహితులు అడుగుతున్నారట.

ఆ జైల్లో ఖైదీలు బ్రెజిల్ నుంచి వచ్చే ఎర్రచెక్కను పెద్ద ఆకురాళ్లతో రాకి, రంగుల వాళ్లకు పొడి చేస్తారు. చూడ్డానికి ఎవరైనా రావచ్చు, గుమ్మంలో ఒక నాణెం ఇస్తే చాలు. హిల్లెఖొండ కూడా తమ్ముణ్ణి వినోదం చూసినట్టే నాణెం ఇచ్చి చూసేది. ఎర్రపొడి అతని కనురెప్పల మీద, దగ్గులో, చేతి గీతల్లో పేరుకుపోయింది. ఆ కాగితాల సంగతి అతను ఎన్నడూ ఎత్తలేదు. తిట్టినా బాగుండునని ఆమె ఏడ్చేది.

ఒకరోజు ఆమె అక్కడుండగానే వాల్‌రావెన్ వచ్చాడు, వెంట విదేశీ అతిథులు. ఊరి గొప్పలు చూపిస్తున్నాడు. దుమ్ముకు ముక్కు దగ్గర రుమాలు పట్టుకుని, ఈ ఊళ్లో ఉన్న స్వేచ్ఛ గురించి లాటిన్‌లో ఏదో చెప్పి, చివర ఆ వాక్యం చదివాడు. అతిథులు తలలూపారు. నాలుగడుగుల దూరంలో లీవెన్ చేతిలో ఆకురాయి ఆగింది.

దొర హిల్లెఖొండను గుర్తుపట్టి చిరునవ్వుతో డచ్చిలో అడిగాడు. "నువ్వే చెప్పమ్మా, అచ్చువేసినదానివి. మన ఊళ్లో ఎవరి నాలుక మీదైనా మేం అధికారం చేస్తున్నామా?"

లీవెన్ ఆమెనే చూస్తున్నాడు. చెప్పాల్సింది ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. దానితోపాటే వసంతమూ గుర్తొచ్చింది.

"లేదు దొరగారూ."

వాళ్లు వెళ్లిపోయాక లీవెన్ చాలాసేపు దగ్గాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"రెండో ముద్రణ వేస్తున్నావటగా?"

"దొరగారు వెయ్యమన్నారు."

"ఆ వాక్యం తీసెయ్ అక్కా. నేను తప్పు రాశాను."

వసంతం రాకముందే లీవెన్ పోయాడు. అతని ఆఖరి కోరికైనా తీరుద్దామని హిల్లెఖొండ వెళ్లి అడిగితే, వాల్‌రావెన్ ఒప్పుకోలేదు. పుస్తకమంతటికీ అదే ప్రాణమన్నాడు. ఆమె చిత్తమని ఇంటికొచ్చి, ఆ వాక్యాన్ని తన చేతులతోనే అక్షరం అక్షరం కూర్చింది. మొదటి పేజీలో ఊరి పేరు హాంబుర్గ్ అని వేసింది.