ఊడ్చేసిన రోడ్డు

కాయలతో కోసిన మినప కట్టెను కళ్ళంలో కొట్టించాలంటే కూలీలు కావాలి. తారు రోడ్డు మీద పరిస్తే లారీలే తొక్కిపెడతాయి. ఊరి మోతుబరి బంగారరాజుగారు ఏటా అదే చేస్తారు. రోడ్డు ఆయన తాతది కాదు, సర్కారుది. అయినా పి.గన్నవరం నుంచి అమలాపురం పోయే ఏ డ్రైవరూ నోరెత్తడు. లారీ తోలే లాజరూ ఎత్తలేదు. పైగా కాయ బాగా పగలాలని ఏరికోరి కట్టె మీదుగానే తోలేవాడు. రైతుకు సాయమనుకున్నాడు, వెర్రి మనిషి.

ఆ పొద్దున మంచు ఇంకా ఆరలేదు. కొబ్బరికాయల లోడుతో వస్తున్నాడు. తడి కట్టె మీద బ్రేకు వేస్తే చక్రాలు పట్టలేదు. లారీ అడ్డంగా జారి, కట్టె తిరగేస్తున్న పాలేరు నూకయ్యను గట్టుకేసి నొక్కేసింది.

ఇలాంటప్పుడు బండి కదపకూడదు. కదిపితే జరిగిందానికి సాక్ష్యం ఉండదు. లాజరుకు అది తెలుసు. అయినా నూకయ్యను ఎత్తి లారీలో వేసుకుని అమలాపురం ఆస్పత్రికి తోలాడు. నూకయ్య దారిలోనే పోయాడు. లాజరు స్టేషనుకు వెళ్ళి చెప్పి, పోలీసులను వెంటబెట్టుకుని వచ్చేసరికి రోడ్డు మీద ఒక్క మినప కాయ లేదు. ఊడ్చింది నూకయ్య పెళ్ళాం బుచ్చమ్మ. మొగుడు బతికే ఉన్నాడనుకుని, రాజుగారు చీపురు చేతికిస్తే ఊడ్చింది.

అజాగ్రత్తగా తోలి మనిషిని చంపాడని కేసు. కట్టె సంగతి చెప్పేవాళ్ళు ఒక్కరున్నా బయటపడతావన్నాడు ప్లీడరు. చూసినవాళ్ళందరికీ అప్పటికే కళ్ళు పోయాయి. మిగిలింది బుచ్చమ్మే. లాజరు, భార్య దీనమ్మ ఆమె పాకకు వెళ్ళి బతిమాలారు. ఆమె చాప వేసి కూర్చోబెట్టింది.

"మా ఆయన దారిలో ఏవన్నా అన్నాడాండీ?"

"దాహవన్నాడమ్మా. ఆపితే ఆలస్యవైపోద్దని ఆపలేదు."

ఆమె లేచి ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చి పెట్టింది.

"మీ తప్పు లేదండీ. ఆయ్, నాకు తెల్సు. ఈ పాక రాజుగారి తోటలో ఉందండీ. నిజం చెప్పేసి, పిల్లల్నేసుకుని ఏ గట్టునుండమంటారు?"

మా ఇంటికి వచ్చెయ్యమంది దీనమ్మ. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకే కాళ్ళు చాపుకునే చోటు లేదని ముగ్గురికీ తెలుసు.

కోర్టులో బంగారరాజుగారు ముందు బెంచీ మీద కూర్చున్నారు. కట్టె ఉందా లేదా, ఊడ్చింది నువ్వు కాదా అని ప్లీడరు బుచ్చమ్మను నిలదీశాడు. ఆమె లాజరు వైపు చూసింది. లాజరు ఆశపడ్డాడు.

"రోడ్డు కాళీగానే ఉందండీ. ఆయన జోరుగా వచ్చేరండీ."

వరండాలో దీనమ్మ ఆమె మీదికి దూసుకెళ్ళింది. బుచ్చమ్మ తల వంచుకుని నిలబడింది.

"తిట్టక్కా. కొట్టినా పడతాను."

దీనమ్మ ఎత్తిన చెయ్యి దించేసింది. రాజుగారి మనిషి కేకేస్తే బుచ్చమ్మ వెళ్ళిపోయింది.

తర్వాతి వాయిదాకు తీర్పు వచ్చింది. ఏడాది జైలు, లైసెన్సు రద్దు. కోర్టుకి చచ్చినవాడు కనబడ్డాడు, తోలినవాడు కనబడ్డాడు, రోడ్డు మీద పరిచినవాడు మాత్రం కనబడలేదు.

కానిస్టేబులు లాజరును రాజమండ్రి బస్సు ఎక్కించాడు. దీనమ్మ కిటికీ కింద నిలబడి, పిల్లల్ని బడి మాన్పించి కూలికి పంపెయ్యనా అని అడిగింది.

లాజరు ఊఁ అన్నాడు.