నిర్మాణం వెనకవైపు

"గిన్నెలయ్యాక ఆ చెక్కముక్కలకి కాస్త గరుకు కాగితం పట్టు" అని చెప్పి ఆమె భర్త ఉపన్యాసానికి బయల్దేరాడు. ఆ రోజు ఉపన్యాసం శ్రమ గురించి. నూరేళ్ళ కిందట కొందరు కళాకారులు కుంచెలు పక్కన పడేసి, రేకూ తీగా చెక్కా పట్టుకుని, కళాకారుడంటే కార్మికుడేనని చాటారనీ, కళ గోడకు వేలాడే అలంకారం కాదు, వంతెనలా కట్టాల్సిన వస్తువని నమ్మారనీ ఆయన చెబుతుంటే విద్యార్థులు నోరు తెరుచుకుని వింటారు. నిర్మాణవాదాన్ని ఈ తరానికి అందించిన మనిషి అని పత్రికలు రాస్తాయి. వలయాలూ త్రికోణాలూ, ఎరుపూ నలుపూ, బిగించి కట్టిన తీగలూ... ఊళ్ళో కొత్తగా బొమ్మలు చేస్తున్నవాళ్ళలో సగం మంది ఆయన దారే పట్టారు. ఆ వలయాలు కోసేదీ, తీగలు బిగించేదీ ఆమె.

కళాశాలలో ఆమె ఆయనకంటే ఏడాది వెనక. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ కలిసే చేసేవారు. తర్వాత ఆయన గీసి ఇవ్వడం, ఆమె చెయ్యడం. రానురాను గీసి ఇవ్వడం కూడా పోయి నోటితో చెప్పడం మిగిలింది. ఓసారి తన పేరు కూడా వేయించమని అడిగితే ఆయన నవ్వి, ఆ నిర్మాణవాదులు సంతకాలే వద్దన్నారు, నీకు ఆ సిద్ధాంతమే తలకెక్కలేదు అన్నాడు. ఆయన సంతకం మాత్రం ప్రతి పీఠం మీదా ఉంటుంది. అత్తగారు మరీ సూటి మనిషి. "ఆలోచించేవాడి చేతులు ఖాళీగా ఉండాలమ్మాయ్" అనేది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ చేతుల్లో కొడుకు చొక్కా, సూదీ ఉన్నాయి.

ఆ ఏడాది మ్యూజియం వాళ్ళు ఆయనకొక పని అప్పగించారు. నిర్మాణవాదుల కాలం నాటి వేలాడే నిర్మాణం ఒకటి ఎప్పుడో నాశనమైపోయింది. దాని గుర్తుగా ఒకే ఒక్క మసక ఫొటో మిగిలింది, అదీ ముందువైపుది. దాన్ని చూసి మళ్ళీ అలాంటిదే కట్టాలి. ఆమె ఫొటోని వెనకగదిలో గోడకు గుచ్చి, స్కేలుతో కొలిచి లెక్కగట్టి, ఇరవై రోజుల్లో ముందువైపు పూర్తిచేసింది. వెనకవైపు ఎలా ఉండేదో ఎలా తెలుస్తుందని భర్తని అడిగితే, "వెనకాల ఎవరు చూస్తారు, ఏదో ఒకటి కానివ్వు" అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండా.

మర్నాడు మధ్యాహ్నం పొయ్యిమీద పాలు పెట్టి, రెండు నిమిషాల్లో వచ్చేద్దామని ఆ గదిలోకి వెళ్ళింది. మళ్ళీ తెలివిలోకి వచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన. గుమ్మంలో అత్తగారు నిలబడి ఏదో అంటోంది. ఆమె ముందున్న బల్లమీద రేకుతో కోసిన అర్ధచంద్రం ఉంది, దాని అంచున మూడు గాట్లు. దాన్ని ఎప్పుడు కొలిచిందో, ఎప్పుడు కోసిందో ఆమెకి గుర్తులేదు. గాట్ల మీదుగా తీగ చుట్టి ఉంది, ఆమె ఎప్పుడూ చుట్టే వైపు కాదు, దానికి ఎదురువైపు. పట్టుకారు ఎడమచేతిలో ఉంది. ఎడమచేత్తో ఆమె ఏనాడూ బొత్తం కూడా పెట్టుకోలేదు.

గబగబా తీగ విప్పేసి, కుడిచేత్తో తన పద్ధతిలో చుట్టింది. రేకు నిలవకుండా జారిపోయింది. మళ్ళీ చుట్టింది, మళ్ళీ జారింది. చివరికి విసిగిపోయి పట్టుకారు ఎడమచేతికి వదిలేస్తే, ఏడు చుట్లూ ఒక ముడీ వేసి అది ఆగింది. రేకు కదలలేదు.

తర్వాత రోజూ అంతే. బయట ఎండ మండిపోతున్నా ఆ గదిలో ఆమె వేళ్ళు చలికి కొయ్యబారిపోయేవి. ఆమె వాడేది సీసాలోని తెల్లజిగురు. గదిలో మాత్రం పాతకాలంలోలా ఎవరో పొయ్యిమీద జిగురు కాస్తున్న వాసన వేసేది. కొక్కేనికి వేలాడదీసిన నిర్మాణం, కిటికీలన్నీ మూసి ఉన్నా, మెల్లగా తిరిగి వెనకవైపు ఆమెకేసి పెట్టి ఆగేది. ఎవరో తలతిప్పి చూసినట్టే. భయపడే మాట నిజమే, కానీ పనులు ముగించుకుని ఆ గదిలోకి వెళ్ళే వేళ కోసం ఆమె పొద్దుట్నుంచీ ఎదురుచూసేది. ఎవరో పక్కన కూచుని తనతోబాటు పనిచేస్తున్నట్టుండేది. పెళ్ళయిన కొత్త రోజుల తర్వాత ఆమె పక్కన కూచుని ఎవరూ పనిచెయ్యలేదు. చెయ్యి తనంతట తనే కదులుతోందని భర్తకి చెబితే ఐరన్ మాత్రలు వేసుకోమన్నాడు.

నెల తిరిగాక మ్యూజియం అధికారిణి పని చూడ్డానికి ఇంటికొచ్చింది. ఒక పాత పెట్టెలో అదే నిర్మాణం ఫొటో ఇంకోటి ఇప్పుడే దొరికిందని, కవరులోంచి తీసింది. ఈసారి వెనకవైపు. ముగ్గురూ ఫొటోని చూసి, నిర్మాణాన్ని చూశారు. అర్ధచంద్రం, మూడు గాట్లు, ఏడు చుట్లు, ముడి.

మొదట తేరుకుంది భర్తే. ఇన్నేళ్ళు ఆ మహానుభావుల ఆలోచనల్లో మునిగిపోయాక ఆమాత్రం అందుతుందని, ప్రభావం అంటే అదేనని వివరించాడు. అధికారిణి తలూపి రాసుకుంది. ఆమె మాత్రం ఫొటో అంచునే చూస్తోంది. అక్కడ ఎత్తుపీట మీద ఒక స్త్రీ కూచుని ఉంది. ఎడమచేతిలో పట్టుకారు. మెడకి పైన ఏమీ లేదు, ఫొటోని అక్కడ ఎవరో కత్తెరతో కత్తిరించేశారు.

"ఈవిడెవరు?" అని అడిగింది.

"తెలీదండీ. ఫొటో వెనకాల దీన్ని చేసిన కళాకారుడి పేరొక్కటే రాసుంది. ఈవిడ సహాయకురాలు అయ్యుంటుంది" అని అధికారిణి భర్తవైపు తిరిగింది. "సార్, ఇది ఎడమచేతి వాటం వాళ్ళు చుట్టే పద్ధతిట. ఒకసారి చుట్టి చూపిస్తారా, వీడియో తీసుకుంటాను. తర్వాత పేరు పలక సంగతి రాసుకుందాం."

ఆయన బల్లమీది విడి రేకూ తీగా అందుకున్నాడు. రెండు చుట్లు వేశాడు, రేకు జారింది. మళ్ళీ వేశాడు, జారింది. ఈ మధ్య మణికట్టు నొప్పి అన్నాడు. నువ్వు చూపించు అన్నట్టు ఆమెకేసి చూశాడు, ఇరవయ్యేళ్ళుగా చూసే చూపే.

ఆమె ముందుకొచ్చి ఎడమచేత్తో పట్టుకారు తీసుకుంది. ఏడు చుట్లు, ముడి. రేకు నిలిచింది.

"చూశారా, ఎంత బాగా నేర్పించానో" అన్నాడాయన.

ప్రభావమంటే పుస్తకాల్లోంచి, ఉపన్యాసాల్లోంచి వచ్చేదని ఇన్నాళ్ళూ ఆమె కూడా నమ్మింది. పుస్తకాల్లో లేనిదీ, ఫొటోలోంచి కోసేసిందీ, చేతిలోంచి చేతికి నడిచి వచ్చి ఇప్పుడు తన వేళ్ళల్లో చల్లగా ఉంది. భయం ఎప్పుడు పోయిందో తెలియలేదు. ఇప్పుడు అనబోయే మాట అన్నాక ఈ ఇంట్లో తనకి చోటుంటుందా అన్న ప్రశ్న వచ్చింది, వచ్చి పక్కకి తప్పుకుంది. పట్టుకారు బల్లమీద పెట్టి అధికారిణివైపు తిరిగింది.

"పేరు పలక మీద వెయ్యాల్సిన పేర్లు నేను చెబుతాను, రాసుకోండి. నాకెవరూ నేర్పలేదు, ఒక్కావిడ తప్ప" అంది.

భర్త ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు, రెండు పేర్లు చెప్పింది. ఒకటి తనది. రెండోది ఏ దేశపు పేరో కూడా ఆమెకి తెలియదు, తన నోటి నుంచి వచ్చేదాకా తను ఎన్నడూ వినలేదు.