పది మాటల పరీక్ష

మా ఫుట్‌బాల్ క్లబ్బులో నన్ను గోడ అంటారు. డిఫెండర్‌ని. గాల్లో వచ్చిన ప్రతి బంతికీ తల అడ్డం పెట్టడమే పదమూడేళ్లుగా నా ఉద్యోగం. అందరూ తలతో ఆలోచిస్తారు, నువ్వు తలతో సంసారం ఈడుస్తున్నావని నా భార్య ఎగతాళి చేస్తుంది.

పోయిన శనివారం ఒక బంతి కోసం నేనూ, అవతలి జట్టువాడూ ఒకేసారి పైకి లేచాం. తలా తలా కొట్టుకున్నాయి. అప్పటినుంచీ లోకం మెత్తబడింది. మెట్లు దిగుతుంటే పాదాల కింద పరుపు పరిచినట్టుంటుంది. వంటింటి కుళాయి చప్పుడు ఎక్కడో పక్క ఊళ్లోంచి వినిపిస్తుంది. కిటికీలోంచి వచ్చిన వెలుగు ఒకచోట నిలవదు, నెమ్మదిగా గదంతా తిరుగుతుంది. మా అమ్మాయి బడి కబుర్లు చెబితే, అవి నన్ను చేరేలోగా అది లేచి ఆడుకోవడానికి వెళ్లిపోతుంది. నిజం చెప్పొద్దూ, నాకు హాయిగానే ఉంది.

నా భార్యకే బాగాలేదు.

"స్టౌ మీద పాలు పెట్టి మర్చిపోయావు. ఒకసారి కాదు, రెండుసార్లు. డాక్టరుగారికి చెప్పు."

"నువ్వెప్పుడూ పొంగించలేదేంటి?" అన్నాను. తను నవ్వలేదు.

చెప్పను. ఎల్లుండి ఫైనల్. నాకు ముప్పై అయిదు నిండాయి, ఇంతవరకూ ఒక్క కప్పు ముట్టుకోలేదు. ఇది పోతే ఇక లేదు.

పైగా ఆ పరీక్షంటే నాకు భయమేముంది? ప్రతి సీజన్ మొదట్లో మా క్లబ్బు డాక్టరమ్మ పది మాటలు చదివి వినిపిస్తుంది. కాసేపాగి అవి తిరిగి చెప్పాలి. ఎన్ని చెప్పామో రాసిపెడుతుంది. తలకు దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష, లెక్క తగ్గితే ఆడనివ్వదు. నేను చేరిన కొత్తలోనే ఒక సీనియర్ చెవిలో ఊదాడు. "ఒరేయ్, మొదట్లోనే మొద్దు వేషం వెయ్యి. పదీ గుర్తున్నా అయిదే చెప్పు. దెబ్బ తగిలాక ఆ అయిదూ చెప్పలేవా?" అప్పటినుంచీ ఏటా అదే వేషం. మా జట్టులో సగం మందిమి మొద్దులమే. డాక్టరమ్మ జాలిపడుతుంది, పాపం.

ఈ ఉదయం పరీక్షకు నా భార్య కూడా వచ్చి పక్కన కూర్చుంది. డాక్టరమ్మ చదవడం మొదలుపెట్టింది. గొడుగు, నిమ్మకాయ, వంతెన... ఒక్కో మాటా తేలుతూ వచ్చింది. గొడుగు ఎర్రగా విచ్చుకుంది. వంతెన మీద ఎవరో నడిచి వెళ్తున్నారు. వాళ్లనే చూస్తూ ఉండిపోయాను.

"ఇక చెప్పు గోడా," అంది.

ఈసారి పదీ చెప్పి నా భార్య అనుమానం తీర్చేద్దామనుకున్నాను.

"గొడుగు. వంతెన. నిమ్మకాయ. దువ్వెన..." కళ్లు మూసుకున్నాను. "తాళం."

ఇంకా వెతికాను. ఎటు చూసినా తెల్లటి మంచు. అందులో ఏమీ లేదు.

"అయిదు!" డాక్టరమ్మ పాత కాగితం తిరగేసింది. "సీజన్ మొదట్లోనూ అయిదే. ఏ మార్పూ లేదు. ఎల్లుండి హాయిగా ఆడుకో." కలం తీసింది.

నా భార్య గట్టిగా ఊపిరి వదిలి నా భుజం మీద చెయ్యి వేసింది. "నేనే ఊరికే కంగారుపడ్డాను."

నోరు మూసుకుంటే చాలు, ఫైనల్ నాదే. కానీ వారం రోజుల్లో మొదటిసారి నాకు భయం వేసింది.

"డాక్టరుగారూ, సంతకం పెట్టకండి. అప్పుడు నాకు పదీ గుర్తున్నాయి. కావాలనే అయిదు చెప్పాను."

ఆవిడ కలం ఆపింది. "మరి ఇవాళ?"

"ఇవాళ ఉన్నవన్నీ చెప్పేశాను."