ఎరుపు ఎటువైపు

బీబీ గుల్ పొలం గట్టున ఆ పొద్దున మళ్లీ ఎర్రరాళ్లు వెలిశాయి. చూసేసరికి రైహానాకు కడుపు మండిపోయింది. మండదూ మరి! బరువైన కవచం మోస్తూ, ముఖానికి అద్దం తగిలించుకుని, అఫ్గాన్ కొండల నడుమ బామియాన్ ఎండలో నాలుగు నెలలు మోకాళ్ల మీద దేకుతూ జానెడు జానెడుగా గాలించిన నేల అది. ఆమె, ఆమెతోటి ఆడవాళ్లు కలిసి పదకొండు మందుపాతరలు తీశారు. నిన్ననే ఆ హెచ్చరిక రాళ్లన్నీ ఏరి బాట పక్కన కుప్ప పోసి వెళ్లారు. ఇవాళ పొలం అప్పగింత.

ఈ వారం దాటితే బంగాళాదుంప నాటడానికి అదను పోయినట్టే. ఈ ఏడూ పంట లేకపోతే బీబీ గుల్ ఆ పొలాన్ని బజారు షావుకారు హాజీ నౌరోజ్‌కి అమ్ముకోక తప్పదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. హాజీకి ఇంకా బాగా తెలుసు.

"చెప్పానా లేదా?" బాట మీద ఊరి జనం మధ్య నిలబడి హాజీ గొంతు పెంచాడు. "ఆడాళ్లు గోకితే మందుపాతరలు పోతాయా? వాళ్లకే నమ్మకం లేక మళ్లీ రాళ్లు పెట్టిపోయారు, చూడండి! నీకెందుకొచ్చిన పీడ బీబీ? నాకిచ్చెయ్. మగాళ్లను పెట్టి చూపించుకుంటా."

బీబీ గుల్ విత్తనాల బస్తా కిందికి దించేసింది. ఆమె పెనిమిటిని మింగింది ఆ పొలమే. "ఏమిటే అమ్మాయ్ ఇది?" అంది.

రైహానా వంగి రాళ్లను ఒక్కొక్కటే చూసింది. చూసి, వస్తున్న నవ్వును పళ్ల బిగువున ఆపుకుంది.

ప్రతి రాయికీ ఒక పక్క ఎరుపు, ఒక పక్క తెలుపు. ఎరుపు ఎటు తిరిగి ఉంటే అటు చావు, తెలుపు ఎటుంటే అటు బతుకు. ఆ కొండల్లో మేకలు కాసే పిల్లలకు సైతం తెలుసు. బజారు దాటి ఎరగని హాజీ మనుషులు మాత్రం, జనానికి బాగా కనబడాలని ఎరుపును బాటవైపు తిప్పి పెట్టారు.

"హాజీ సాబ్! ఈ రాళ్ల లెక్కన పొలం భేషుగ్గా ఉంది. మందుపాతరలున్నది మీ కాళ్ల కింద!" అని అరిచింది రైహానా.

అంతే. హాజీ ఒక్క గెంతులో రాళ్లు దాటి బీబీ గుల్ పొలంలో పడ్డాడు.

జనం గొల్లున నవ్వారు. "అదేంటి హాజీ సాబ్, పొలంలోకి దూకారు? అక్కడ భయం లేదని మీకెవరు చెప్పారు?" అన్నారెవరో. తేలు కుట్టిన దొంగలా హాజీ తలపాగా సర్దుకుంటూ పొలంలోనే నిలబడ్డాడు.

రైహానా శిరస్త్రాణం తీసి, కవచం విప్పి గట్టు మీద పెట్టింది. గాలించినవాళ్లే ముందు నడవాలి, అది వాళ్ల పద్ధతి. ఒక్కటి మిగిలి ఉంటే? ఆ మాట ఆమె గుండెలోనూ మెదిలింది. అయినా ఈ చివరినుంచి ఆ చివరికి, ఆ చివరినుంచి ఈ చివరికి గట్టిగా అడుగులేస్తూ నడిచొచ్చింది.

బీబీ గుల్ కళ్లు తుడుచుకుంది. బస్తాను పొలంలోకి ఈడ్చింది.

"ఎలాగూ దిగావుగా హాజీ," అంది, "ఆ రెండో కొస పట్టుకో."