చర్చి జరిగిన దూరం

మా అక్కని నేను చూడలేదు. మూడేళ్ళకే జ్వరంతో పోయిందట. మరుసటి ఏడు, డెబ్భై ఏడులో, ఉప్పెన వచ్చి దివిసీమలోని మా ఊరినీ, చర్చినీ, సమాధుల దొడ్డినీ బురదతో కప్పేసింది. అప్పట్నుంచీ ప్రతి సమాధుల పండక్కీ అమ్మ కొవ్వొత్తి పట్టుకుని అక్క సమాధి కోసం దొడ్డి ఉండేదనుకున్న చోట, అది రొయ్యల చెరువులయ్యాక వాటి గట్ల మీద, తిరిగేది. ఎక్కడో ఒకచోట వెలిగించి, "ఇక్కడే అనిపించిందే ప్రియా" అనేది. ఏటా ఒక్కోచోట అనిపించేది. నాకు ఒళ్ళు మండేది.

రెండువేల నాలుగులో నేను బందరులో పటాలు కంప్యూటర్లోకి ఎక్కించే పనిలో ఉన్నాను. పండక్కి రెండు రోజుల ముందు అమ్మని ఆఫీసుకి తీసుకెళ్ళాను. ఉప్పెనకి ముందటి మా ఊరి పటం ఒక పక్కన, ఆకాశం నుంచి తీసిన ఇప్పటి ఫోటో ఒక పక్కన పెట్టాను. అందులో ఉన్నది ఇందులో ఎక్కడుందో చూసి జంటలుగా గుర్తులు పెట్టాలి. ఆ గుర్తులన్నిటికీ వీలైనంత దగ్గరగా వెళ్ళే లెక్క కంప్యూటర్ కడుతుంది. ఆ లెక్క ప్రకారం పటం సాగి, వంగి, ఫోటో మీద పరుచుకుంటుంది.

లాకులు, వంతెన, సరిహద్దు రాళ్ళు గుర్తుపెట్టాను. చర్చి కూడా పెట్టాను. నీళ్ళలో వేసిన చీరలా పటం మెల్లగా కదిలింది. రొయ్యల చెరువుల నీలంలోంచి పాత వీధులు తేలి వస్తుంటే అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అదిగో, సువార్తమ్మత్తావాళ్ళ సందు!"

కానీ తిన్నగా ఉండాల్సిన కాలవ మెలితిరిగింది. ఒక్కో గుర్తే తీసి చూశాను. చర్చి గుర్తు తీయగానే కాలవ తిన్నగా అయింది, పటంలోని పాత చర్చి మాత్రం ఇప్పటి చర్చికి దూరంగా పడింది.

"మన చర్చి నూట నలభై మీటర్లు జరిగిందమ్మా."

"నోర్ముయ్. సముద్రం వచ్చినా దేవుడి గుడి చోటు మారలేదని మీ నాన్న ఏటా సాక్ష్యం చెప్తారు. పాత చోటే కట్టుకున్నాం. ఆ మట్టి మోసింది నేనే."

మా నాన్న దైవాధీనం సంఘ పెద్ద. కానీ చర్చి మళ్ళీ కట్టడానికి చోటు చూసిన రోజు ఆయన ముందూ ఉన్నది ఉత్త బురదే. ఇదే చోటని అందరూ అనుకున్నారు, అదే నిజమైపోయింది. పాపం, ఎవరినని ఏం లాభం?

ఇక సమాధుల దొడ్డి ఎక్కడ పడిందో చూశాను. దాని ఈశాన్యం మూల, అక్కని పెట్టామని అమ్మ చెప్పే చోటు, ఒక రేకుల కప్పు మీదికి వచ్చింది. రెండు మీటర్లు అటూ ఇటూ. ఫోటో చదవడం అమ్మకి అప్పటికే వచ్చేసింది.

"అది మన చర్చే కదే?"

"అవునమ్మా."

"ఆడవాళ్ళం కూచునే వైపు."

"అవును."

పండగనాటి సాయంత్రం అందరూ గట్ల వైపు వెళ్తుంటే అమ్మ చర్చిలోకి వెళ్ళింది. వెనకే వెళ్ళాను. రోజూ తను కూచునే చోట చాప లాగి పక్కన పెట్టి, సిమెంటు గచ్చు మీద అరచెయ్యి ఆనించింది.

"పాతికేళ్ళు నీమీదే కూచుని, నువ్వెక్కడున్నావో చూపించమని దేవుణ్ణి అడిగానే తల్లీ."